యూనివర్సిటీ మార్కెటింగ్, అడ్మిషన్లు నడిపించడం: తరగతి గది నుంచి వెనక్కి లెక్క వేసుకునే పద్ధతి

అడ్మిషన్ల సీజన్ ముగిశాక యాజమాన్యం ముందు రెండు సంఖ్యలు ఉంటాయి. ఎన్ని దరఖాస్తులు వచ్చాయన్నది ఒకటి, తరగతిలో ఎంతమంది కూర్చున్నారన్నది రెండోది. మొదటిది పెంచడం తేలిక. ప్రకటనలకు డబ్బు పెడితే పెరుగుతుంది, దరఖాస్తు ఫీజు ఎత్తేస్తే ఇంకా పెరుగుతుంది. రెండోది పెరగాలంటే మాత్రం వెబ్‌సైట్ నుంచి హాస్టల్ ఆఫీసు దాకా చాలాచోట్ల పని సరిగ్గా జరగాలి. ఈ మార్గదర్శి ఆ రెండో సంఖ్యకు జవాబు చెప్పుకోవాల్సినవాళ్ల కోసం: కొత్తగా మార్కెటింగ్, అడ్మిషన్ల డైరెక్టర్ బాధ్యత తీసుకున్నవాళ్లు, లేదా ఉన్న విభాగాన్ని మళ్లీ గాడిన పెట్టాల్సినవాళ్లు.

ఇందులో అడుగడుగునా పాటించే వరుస ఒకటే, చివరి నుంచి మొదటికి. ముందు చేరతామని డబ్బు కట్టినవాళ్లు జారిపోకుండా చూడాలి. తర్వాత సీటు వచ్చినవాళ్ల సందేహాలు తీర్చాలి. ఆపైన సగంలో ఆగిన దరఖాస్తులు పూర్తి చేయించాలి. కొత్త ఎంక్వైరీలు కొనడం ఆఖరి పని. చాలాచోట్ల ఇది తలకిందులుగా జరుగుతుంది. ప్రకటన అందరికీ కనిపిస్తుంది గానీ, ఫీజు రసీదు రావడానికి పట్టిన పది రోజులు ఎవరి కంటా పడవు.

1. మొదటి నెల: లెక్కలు చేతికి తెచ్చుకోండి

చేరగానే కొత్త నినాదం, కొత్త బ్రోచర్ మొదలుపెట్టమని ఒత్తిడి వస్తుంది. ఒక నెల ఆపండి. ముందు గత మూడేళ్ల లెక్క కోర్సువారీగా కావాలి: ఎంక్వైరీలు, మొదలుపెట్టిన దరఖాస్తులు, పూర్తయిన దరఖాస్తులు, ఇచ్చిన సీట్లు, డిపాజిట్ కట్టినవాళ్లు, తరగతికి వచ్చినవాళ్లు, రెండో ఏడాదికి కొనసాగినవాళ్లు. మొత్తం ఏడు మెట్లు. యూనివర్సిటీ సగటు ఇక్కడ పనికిరాదు. కంప్యూటర్ సైన్స్‌లో సీట్లకు పోటీ, భూగర్భ శాస్త్రంలో సీట్లు ఖాళీ ఉన్నప్పుడు రెండింటి సగటు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది.

మొదటి చిక్కు నిర్వచనాల దగ్గర వస్తుంది. ఒకే విద్యార్థి రెండు కోర్సులకు దరఖాస్తు చేస్తే మార్కెటింగ్ రెండుగా లెక్కేస్తుంది, రిజిస్ట్రార్ ఒకటిగా లెక్కేస్తారు. డిపాజిట్ కట్టి వెనక్కి తీసుకున్నవాళ్లను ఫైనాన్స్ తీసేస్తుంది, అడ్మిషన్ల ఆఫీసు తీసెయ్యదు. అందుకే ఏడు మెట్లకూ ఏడు వాక్యాల నిర్వచనం ఒకే పేజీలో రాసి, రిజిస్ట్రార్, ఫైనాన్స్ అధిపతి, మీరు ముగ్గురూ సంతకం చేయండి. ఈ పేజీ లేకపోతే ఆ ఏడాది సమావేశాల్లో సగం సమయం ఎవరి సంఖ్య నిజమన్న వాదనకే పోతుంది.

రెండో చిక్కు ఇంతకన్నా పెద్దది, ముందుగా కంటికి కనిపించనిది. అడ్మిషన్ల సాఫ్ట్‌వేర్లలో చాలావాటి ప్రధాన నివేదికలు విద్యార్థి ప్రస్తుత స్థితినే చూపిస్తాయి. 'దరఖాస్తు పూర్తి' నుంచి 'సీటు ఇచ్చాం'కు మారగానే పాత స్థితి చెరిగిపోతుంది. దాంతో "నిరుడు ఇదే వారానికి ఎక్కడున్నాం?" అన్న అతి ముఖ్యమైన ప్రశ్నకు జవాబు దొరకదు. చేరిన మొదటి వారమే దీనికి మందు వేయండి. ప్రతి సోమవారం తెల్లవారుజామున మొత్తం పట్టికను ఎగుమతి చేసి, ఫైలు పేరులో తేదీ పెట్టి, ఎవరూ మార్చలేని ఫోల్డర్‌లో దాచాలి. ఈ పని మొదలుపెట్టని ప్రతి వారం వచ్చే ఏడాది పోలికలో ఒక ఖాళీగా మిగులుతుంది. దరఖాస్తులు తెరిచే రోజు ఏటా మారుతుంటే క్యాలెండర్ తేదీతో కాకుండా తెరిచిన నాటి నుంచి ఎన్నో రోజన్నదాన్ని బట్టి పోల్చండి.

అదే నెలలో, యూనివర్సిటీతో సంబంధం లేని నలుగురైదుగురితో మీ దరఖాస్తు నింపించండి. ఫోన్‌లోనే నింపాలి. ఆఫీసు కంప్యూటర్‌లో వద్దు. నాలుగు విషయాలు రాసి ఇవ్వమనండి: మొత్తం ఫీజు కనిపించడానికి ఎన్నిసార్లు నొక్కాల్సివచ్చింది, ఫారం ఎన్ని నిమిషాలు పట్టింది, ఫోన్ చేస్తే ఎన్నో ప్రయత్నంలో ఎత్తారు, ఫోన్‌లో చెప్పిన తేదీ, ఫీజు వెబ్‌సైట్‌లో ఉన్నవాటితో కలిశాయా. చివరి అంశంలోనే ఎక్కువ లోపాలు బయటపడతాయి. కోర్సు పేజీలో పాత ఫీజు, పీడీఎఫ్‌లో కొత్త ఫీజు, కాల్ సెంటర్ కాగితంలో మూడో సంఖ్య ఉంటే ఆ కుటుంబం మిమ్మల్ని ఇక దేనికీ నమ్మదు.

2. లక్ష్యాన్ని వెనక్కి లెక్క వేయండి

లక్ష్యం మార్కెటింగ్ గదిలో పుట్టకూడదు. ప్రతి కోర్సుకూ డీన్‌ను మూడు ప్రశ్నలు అడగండి: ల్యాబ్‌లో ఎంతమందికి చోటుంది, ఎంతమందికి చెప్పడానికి అధ్యాపకులున్నారు, ఎంతమంది కన్నా తక్కువైతే కోర్సు నడపడం కష్టం. పై హద్దు, కింది హద్దు తెలిశాకే లక్ష్యం రాయండి. అక్కడి నుంచి వెనక్కి భాగించుకుంటూ వెళ్లాలి. కింది శాతాలు లెక్క చూపించడానికి మాత్రమే. మీ శాతాలు మీ గత మూడేళ్ల పట్టిక నుంచి రావాలి.

- తరగతిలో కూర్చోవాల్సింది 1,000 మంది.
- డిపాజిట్ కట్టినవాళ్లలో 90 శాతం వస్తారనుకుంటే 1,111 డిపాజిట్లు కావాలి.
- సీటు ఇచ్చినవాళ్లలో 30 శాతం డిపాజిట్ కడితే 3,704 సీట్లు ఇవ్వాలి.
- పూర్తయిన దరఖాస్తుల్లో 60 శాతానికి సీటు ఇస్తే 6,173 పూర్తి దరఖాస్తులు కావాలి.
- మొదలుపెట్టినవాళ్లలో 70 శాతం పూర్తి చేస్తే 8,818 మంది మొదలుపెట్టాలి.
- ఎంక్వైరీల్లో 12 శాతం దరఖాస్తు దాకా వస్తే సుమారు 73,500 ఎంక్వైరీలు కావాలి.

ఇప్పుడు ఒక్కో శాతాన్ని కదిపి చూడండి. దరఖాస్తు పూర్తిచేసేవాళ్లు 70 నుంచి 80 శాతానికి పెరిగితే కావాల్సిన ఎంక్వైరీలు సుమారు 64,300కు దిగుతాయి. దానికి తోడు, సీటు వచ్చాక డిపాజిట్ కట్టేవాళ్లు 30 నుంచి 33 శాతానికి చేరితే చాలు, 58,500 సరిపోతాయి. అంటే 15,000 ఎంక్వైరీలు కొనే ఖర్చు మిగిలింది. ఆ రెండు మార్పులకూ కావాల్సింది మెరుగైన ఫారం, శ్రద్ధగా చేసే ఫోన్లు, సకాలంలో వెళ్లే ఉత్తరం. బడ్జెట్ సమావేశానికి ఈ పట్టికను తీసుకెళ్లండి. ప్రకటనల డబ్బులో కొంత తీసి ఇద్దరు కౌన్సెలర్లను పెట్టుకుంటామంటే ఎందుకో ఎవరికైనా అర్థమవుతుంది.

ఫీజు రాయితీల్ని కూడా ఇదే పట్టికలో పెట్టాలి. ఫీజు 100 అనుకుందాం. సీటు వచ్చిన 100 మందిలో 30 మంది చేరితే రాబడి 3,000. అందరికీ 10 శాతం రాయితీ ఇచ్చి చేరేవాళ్లను 33కు పెంచితే రాబడి 33 సార్లు 90, అంటే 2,970. ముగ్గురు ఎక్కువ వచ్చారు, డబ్బు తగ్గింది, ఆ ముగ్గురికీ బోధన ఖర్చు అదనం. ఎలాగూ చేరే 30 మందికి కూడా రాయితీ వెళ్లిపోవడమే ఇందుకు కారణం. స్కాలర్‌షిప్ ప్రతిభకో, అవసరానికో స్పష్టంగా ముడిపడి ఉండాలి. సీజన్ చివర్లో కంగారుపడి అందరికీ పంచిన రాయితీ మరుసటి ఏడాది వెంటాడుతుంది. ఆగితే తగ్గిస్తారన్న సంగతి ఊరంతా పాకుతుంది.

3. ఏం చెప్పాలో కోర్సు పేజీతో మొదలుపెట్టండి

విద్యార్థి యూనివర్సిటీని ఎంచుకోవడానికి చాలాసార్లు కోర్సే మొదటి కారణం. అయినా హోం పేజీ మీద నెలలు గడుస్తాయి, కోర్సు పేజీ నాలుగు వాక్యాలతో మిగిలిపోతుంది. ముందు ఎంక్వైరీలు ఎక్కువగా వచ్చే 20 కోర్సుల పేజీలు తిరగరాయండి. ఒక్కో పేజీలో ఉండాల్సినవి: అర్హత, వ్యవధి, ఏ సెమిస్టర్‌లో ఏం నేర్చుకుంటారు, ఎవరు బోధిస్తారు, ల్యాబ్‌లో చేతితో చేసే పనేమిటి, మొత్తం ఖర్చు (ట్యూషన్ ఒక్కటే కాదు, పరీక్ష, ల్యాబ్, హాస్టల్ సహా), గడువు తేదీలు, చదివినవాళ్లు ఇప్పుడేం చేస్తున్నారు, ఒక మనిషి పేరుతో ఫోన్ నంబరు. 'ప్రపంచ స్థాయి', 'అత్యాధునిక', 'ఉజ్వల భవిష్యత్తు' లాంటి మాటలు తీసేయండి. పక్క యూనివర్సిటీ పేరు పెట్టినా చెల్లిపోయే వాక్యం మీ పేజీలో ఉండి లాభం లేదు.

ఉద్యోగాల గణాంకాల దగ్గర గట్టిగా నిలబడాల్సింది మీరే. "95 శాతం ప్లేస్‌మెంట్" అని డిపార్ట్‌మెంట్ పంపితే వెంటనే అడగాల్సింది, ఎంతమందిలో? మొత్తం పాసైనవాళ్లలోనా, పేరు నమోదు చేసుకున్నవాళ్లలోనా, సర్వేకు జవాబిచ్చినవాళ్లలోనా? 200 మంది పాసైతే 80 మంది జవాబిచ్చి, వాళ్లలో 76 మందికి ఉద్యోగం ఉంటే అది 95 శాతమే. మిగతా 120 మంది సంగతి మాత్రం తెలియదు. పేజీ మీద మూడు సంఖ్యలూ వేయండి. జీతం విషయంలో గరిష్ఠం వేయొద్దు, మధ్యస్థం (జీతాలన్నీ వరుసలో పెడితే సరిగ్గా నడిమధ్య వచ్చేది) వేయండి. ఒక్కరికి వచ్చిన పెద్ద జీతం మిగతా తరగతి గురించి ఏమీ చెప్పదు.

ర్యాంకింగ్‌లకు పంపే సమాచారం కూడా ఇంతే. 2022లో అమెరికాలోని కొలంబియా యూనివర్సిటీ తన గణాంకాల మీద సొంత ఆచార్యుడే ప్రశ్నలు లేవనెత్తాక, తరగతి పరిమాణం, అధ్యాపకుల అర్హతల విషయంలో పొరపాట్లున్నాయని ఒప్పుకుంది. యూఎస్ న్యూస్ సంస్థ వేసే యూనివర్సిటీల ర్యాంకుల జాబితాలో 2వ స్థానం నుంచి 18కి పడిపోయింది. ర్యాంకింగ్ ఫారం నింపేది, దాన్ని సరిచూసేది ఒకే విభాగం కాకూడదు. మార్కెటింగ్ విభాగం అసలు నింపకూడదు.

సాంకేతికంగా రెండు కొలతలు చాలు. ఫోన్‌లో పేజీలోని ప్రధాన భాగం 2.5 సెకన్ల లోపు కనిపించాలి, ఇది గూగుల్ పెట్టిన హద్దు. అక్షరాలకూ వెనుక రంగుకూ వ్యత్యాసం కనీసం 4.5:1 ఉండాలి, ఇది వెబ్ ప్రాప్యతా ప్రమాణాల్లో, అంటే చూపు తక్కువున్నవాళ్లు కూడా పేజీ చదవగలిగేలా పెట్టిన నియమాల్లో ఉంది. లేత బూడిద అక్షరాలు డిజైనర్‌కు నచ్చుతాయి, ఎండలో ఫోన్ పట్టుకున్న తల్లికి కనిపించవు.

4. సగంలో ఆగిన దరఖాస్తులు

ఫారంలో ఏ ఖానా దగ్గర వదిలేస్తున్నారో కొలవండి. సాధారణంగా దొరికే ఆటంకాలు నాలుగు: సర్టిఫికెట్ ఫోటో సైజు మించిందని కారణం చెప్పకుండా తిప్పికొట్టడం, మధ్యలో దాచుకుని తర్వాత కొనసాగించే వీలు లేకపోవడం, ఫీజు కట్టాక డబ్బు పోయి రసీదు రాకపోవడం, ఇంకా ఫలితాలు రాని పరీక్షల మార్కులు తప్పనిసరి అనడం.

ఒక్కో ఖానాకూ ఒకే పరీక్ష పెట్టండి: సీటు ఇవ్వాలా వద్దా అని నిర్ణయించడానికి ఇది కావాలా? కాకపోతే చేరిన తర్వాత అడగొచ్చు. రక్తం గ్రూపు, బ్యాంకు ఖాతా, రెండో అత్యవసర నంబరు లాంటివన్నీ తర్వాతి ఫారంలోకి పంపేయండి. ఖానాలు తీసేయడానికి ఒప్పుకోని ఆఫీసు తప్పకుండా ఉంటుంది. "ఇది లేకుండా ఏ నిర్ణయం ఆగిపోతుంది?" అని రాతలో అడిగితే చాలాసార్లు దారి వస్తుంది.

ఆగిపోయినవాళ్లకు గుర్తుచేసే సందేశం ఏం మిగిలిందో చెప్పాలి. "మీ దరఖాస్తు అసంపూర్ణంగా ఉంది" అంటే ఏం చేయాలో తెలియదు. "మీ మార్కుల జాబితా ఒక్కటే మిగిలింది, ఫోన్‌తో తీసిన ఫోటో చాలు, ఇక్కడ పెట్టండి" అంటే అక్కడికక్కడే చేస్తారు. మొదటిది 24 గంటల్లో, రెండోది మూడో రోజు, ఏడో రోజు మనిషి ఫోన్. ఆ తర్వాత గడువుకు వారం ముందు ఒకసారి. అంతకు మించితే విసిగిస్తున్నట్టే.

దరఖాస్తు పూర్తయ్యాక నిర్ణయం ఎన్ని రోజుల్లో వస్తుందో వెబ్‌సైట్‌లో రాసి, దానికి కట్టుబడండి. డిపార్ట్‌మెంట్ ఫైలు మీద కూర్చుంటే ప్రతి వారం డీన్‌కు ఒకే పంక్తి పంపండి: పది రోజులు దాటిన ఫైళ్లు ఎన్ని. పేర్లు, నిందలు అక్కర్లేదు, ఆ సంఖ్య చాలు.

5. ఎంక్వైరీ వచ్చిన గంటలో

అడిగిన రోజే జవాబు రాకపోతే ఆ విద్యార్థి మరో మూడుచోట్ల అడిగేసి ఉంటాడు. పని వేళల్లో గంటలోపు, రాత్రి వచ్చినవాటికి మర్నాడు ఉదయం పదికల్లా అన్నది సాధ్యమయ్యే నియమం. ఫోన్ ఎత్తకపోతే వేర్వేరు వేళల్లో మూడు ప్రయత్నాలు చేయండి. బడి వేళల్లో మూడుసార్లు చేసి 'స్పందన లేదు' అని మూసేయడం కాల్ సెంటర్లలో మామూలైన తప్పు.

సీఆర్‌ఎం (ఎంక్వైరీ చేసినవాళ్ల వివరాలు, సంభాషణలు దాచే సాఫ్ట్‌వేర్) ఏ కంపెనీదైనా అయిదు నియమాలు నిలబడితే పనిచేస్తుంది. ఒక విద్యార్థికి ఒకే రికార్డు ఉండాలి. ఫోన్ నంబరు, ఈమెయిల్ రెండింటితోనూ సరిచూసి జంట రికార్డులు కలపాలి. మొదటి మూలం (విద్యార్థి మొదట ఎక్కడి నుంచి వచ్చాడన్నది) ఎప్పటికీ మారకూడదు, తర్వాతి మూలాలు విడిగా నమోదవ్వాలి. ప్రతి రికార్డుకూ ఒక కౌన్సెలర్ పేరు ఉండాలి. సందేశాలకు అనుమతి ఎప్పుడు, ఏ వాక్యం మీద ఇచ్చారో దాచాలి. దరఖాస్తుదారుల్లో చాలామంది 18 నిండనివాళ్లు కాబట్టి తల్లిదండ్రుల అనుమతి విషయంలో మీ దేశపు చట్టం ఏమంటుందో న్యాయ విభాగంతో ముందే తేల్చుకోండి.

ఈమెయిల్ పంపే ఏర్పాటును ఐటీ విభాగంతో కూర్చుని సరిచూడండి. 2024 ఫిబ్రవరి నుంచి, రోజుకు 5,000 దాటి జీమెయిల్ ఖాతాలకు పంపేవాళ్లు ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ (మెయిల్ నిజంగా మీ నుంచే వచ్చిందని చూపించే ఏర్పాట్లు) మూడూ పెట్టుకోవాలనీ, ప్రచార మెయిళ్లలో ఒక్క నొక్కుతో చందా రద్దు చేసుకునే వీలుండాలనీ, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదనీ గూగుల్ నియమం పెట్టింది. యూనివర్సిటీల్లో ఇది ప్రత్యేకంగా ప్రమాదకరం. పూర్వ విద్యార్థుల విభాగమో, ఇంకెవరో అదే డొమైన్ (మెయిల్ చిరునామాలో @ తర్వాతి పేరు) నుంచి పాత జాబితాకు పంపిన మెయిళ్ల మీద ఫిర్యాదులు వస్తే మీ సీటు ఉత్తరాలు కూడా స్పామ్‌లో పడొచ్చు. సీటు ఉత్తరాలకు, ప్రచారానికి వేర్వేరు సబ్‌డొమైన్లు వాడండి. ఇక మెయిల్ తెరిచిన శాతాన్ని నమ్మొద్దు. 2021లో యాపిల్ తెచ్చిన గోప్యతా రక్షణ చదవని మెయిల్‌ను కూడా తెరిచినట్టు చూపిస్తుంది. లింకు నొక్కడం, జవాబివ్వడం, పని పూర్తిచేయడం ఈ మూడే లెక్క.

వాట్సాప్ బిజినెస్‌లో విద్యార్థి రాసిన చివరి సందేశం నుంచి 24 గంటల దాకా మాత్రమే స్వేచ్ఛగా రాయగలరు. ఆ తర్వాత ముందే ఆమోదం పొందిన నమూనా సందేశమే వెళ్తుంది. గడువు, పత్రాలు, ఫీజు, సందర్శన వీటికి కావాల్సిన నమూనాలు సీజన్‌కు నెల ముందే ఆమోదం చేయించుకోండి.

6. ప్రకటనలు, పాఠశాలలు, ఏజెంట్లు

ఇప్పుడు కొత్త ఎంక్వైరీల సంగతి. మార్గాల్ని ఎంక్వైరీ ధరతో పోల్చడమే ఈ రంగంలో అత్యంత ఖరీదైన అలవాటు. విద్యార్థుల ఫోన్ నంబర్ల జాబితా అమ్మేవాళ్ల దగ్గర ఎంక్వైరీకి 100 ఖర్చయి, 200 మందికి ఒకరు చేరితే ఒక విద్యార్థికి 20,000 పడుతుంది. వెతుకులాట ప్రకటనలో (గూగుల్ లాంటి చోట వెతికితే కనిపించేది) ఎంక్వైరీకి 900 అయినా 15 మందికి ఒకరు చేరితే 13,500 పడుతుంది. పైగా మొదటి దాంట్లో 200 ఫోన్లు చేసిన కౌన్సెలర్ జీతం ఆ లెక్కలో లేనేలేదు.

ఈ లెక్క రావాలంటే ప్రతి లింకుకూ యూటీఎం గుర్తులు (ఏ ప్రకటన నుంచి వచ్చారో చెప్పేలా లింకు చివర చేర్చే పదాలు) ఒకే పద్ధతిలో ఉండాలి. పేర్ల జాబితా ఒక షీట్‌లో పెట్టి, అందులో లేని పేరుతో ప్రకటన వెళ్లకూడదని ఏజెన్సీకి చెప్పండి. డిపాజిట్ కట్టినవాళ్ల సమాచారాన్ని, వాళ్ల అనుమతి ఉన్నంత మేరకు, ప్రకటన వేదికకు తిరిగి పంపండి. లేకపోతే ఆ వేదిక ఫారం నింపేవాళ్లను వెతుకుతుంది గానీ చేరేవాళ్లను వెతకదు. నిర్ణయానికి ఏడాది దాకా పట్టే ఈ వ్యవహారంలో చివరి క్లిక్‌కే పుణ్యమంతా కట్టబెడితే మీ యూనివర్సిటీ పేరుతో వెతికిన ప్రకటనే గొప్పగా కనిపిస్తుంది. ఆ పేరు వాళ్లకు ముందే తెలుసు, తెలియజేసింది ఓ ఉపాధ్యాయుడో, సీనియరో. అందుకే దరఖాస్తులో "మా గురించి మొదట ఎక్కడ విన్నారు?" అని జాబితా లేకుండా ఖాళీ గడి పెట్టండి. చదవడానికి శ్రమే. అయినా ఏ పరికరమూ చెప్పనిది అది చెబుతుంది.

వెతుకులాట ప్రకటనల్లో ముందు వద్దనుకునే పదాలు, అంటే వాటితో వెతికితే మీ ప్రకటన కనిపించకూడదనుకునేవి చేర్చండి: ఫలితాలు, హాల్ టికెట్, సిలబస్ పీడీఎఫ్, అధ్యాపక ఉద్యోగాలు, లాగిన్. ఉన్న విద్యార్థులు, ఉద్యోగార్థులు నొక్కే నొక్కులకు మీరు డబ్బు కడుతున్నారేమో చూడండి.

పాఠశాలల సందర్శన నెమ్మదిగా ఫలిస్తుంది, ఎక్కువ కాలం నిలుస్తుంది. ఏటా మీకు విద్యార్థుల్ని పంపే బడుల జాబితా తీసి, మొదటి 50 బడుల దగ్గరికి ఏటా ఒకే మనిషి వెళ్లేలా చూడండి. అక్కడ ఉపన్యాసం కన్నా ఒక ఉపయోగపడే తరగతి తీసుకోండి, కోర్సుల మధ్య తేడాలో, దరఖాస్తు వ్యాసం రాయడమో. ఉపాధ్యాయుడు మళ్లీ పిలిచేది దాని కోసమే.

విద్యార్థుల్ని చేర్పించి కమీషన్ తీసుకునే ఏజెంట్ల విషయంలో తొందర వద్దు. విదేశీ విద్యార్థుల్ని నైతికంగా చేర్చుకోవడంపై ఆస్ట్రేలియా, ఐర్లాండ్, న్యూజీలాండ్, యునైటెడ్ కింగ్‌డమ్ 2012లో లండన్ ప్రకటన పేరుతో సూత్రాలు ఒప్పుకున్నాయి. అమెరికాలో ఫెడరల్ ఆర్థిక సాయం పొందే సంస్థలు స్వదేశీ విద్యార్థుల్ని చేర్చినందుకు తలకింత అని చెల్లించడం 1992 నుంచి నిషేధం. కారణం సూటిగా ఉంది. తలకింత అని డబ్బు వచ్చినప్పుడు, ఆ విద్యార్థికి ఆ కోర్సు సరిపోదని చెప్పడానికి ఎవరికీ కారణం ఉండదు. చట్టం అనుమతించినా మీ సొంత కౌన్సెలర్లకు ఆ పద్ధతి పెట్టకండి. ఏజెంట్ ఒప్పందంలో ఇవి రాయించండి: ఫీజు వాపసు గడువు ముగిసి విద్యార్థి హాజరవుతున్నప్పుడే కమీషన్, విద్యార్థి నుంచి తీసుకునే ప్రతి రుసుమూ ముందే రాతలో వెల్లడి, కింది ఏజెంట్ల పేర్లు మీకు తెలియాలి, ప్రకటనలన్నీ మీ ఆమోదంతోనే. చేరిన ప్రతి పదిమందిలో ఇద్దరికి మీరే ఫోన్ చేసి, ఏజెంట్ ఏం చెప్పాడో, ఎంత తీసుకున్నాడో కనుక్కోండి.

7. సీటు ఇచ్చిన రోజు నుంచి తరగతి మొదలయ్యేదాకా

ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే. సీటు వచ్చిన విద్యార్థి చేతిలో మరో రెండుమూడు సీట్లు ఉంటాయి. మార్కెటింగ్ మాటలు అతనికి ఇక అక్కర్లేదు. ఇంట్లో అడిగే ప్రశ్నలకు జవాబులు కావాలి: మొత్తం ఎంత అవుతుంది, ఎప్పుడెప్పుడు కట్టాలి, ఎక్కడ ఉంటాడు, అక్కడ సురక్షితమేనా, తర్వాత ఏం చేస్తాడు.

సీటు ఉత్తరం ఒకే పేజీలో ఉండాలి: కోర్సు, షరతులుంటే అవి, ఏడాది మొత్తం ఖర్చు, స్కాలర్‌షిప్ పోను కట్టాల్సింది, ఆ స్కాలర్‌షిప్ ఏ ఏడాదిదాకా వర్తిస్తుంది, ఎన్ని మార్కులకు తగ్గితే పోతుంది, డిపాజిట్ వాపసు నియమం. అప్పును సాయం కింద కలిపి చూపించకండి. తిరిగి కట్టాల్సిన డబ్బు విడిగా, ఆ మాటతోనే కనిపించాలి.

తర్వాత వరుస ఇలా ఉండనివ్వండి. రెండు రోజుల్లో కౌన్సెలర్ ఫోన్. వారంలో అదే కోర్సు చదువుతున్న విద్యార్థి నుంచి సందేశం. రెండు మూడు వారాల్లో ఆ డిపార్ట్‌మెంట్ అధ్యాపకుడితో చిన్న ఆన్‌లైన్ సమావేశం, 20 మందికి మించకుండా. ఆ తర్వాత ప్రాంగణ సందర్శన. సందర్శన రోజున ఆడిటోరియంలో ప్రసంగాలు అరగంటకు మించొద్దు. ల్యాబ్, హాస్టల్ గది, భోజనశాల చూపించి, తల్లిదండ్రులకు ఫైనాన్స్ ఆఫీసు బల్ల దగ్గర విడిగా కూర్చునే చోటివ్వండి. సందర్శనకు వచ్చినవాళ్లు ఎక్కువగా చేరతారు. దాన్నంతా సందర్శన ఘనతగా లెక్కేయకండి, ఇష్టం ఉన్నవాళ్లే వస్తారు కదా.

డిపాజిట్ కట్టి కూడా తరగతికి రానివాళ్ల సంగతి వేరు. వాళ్లలో చాలామంది మనసు మార్చుకోలేదు. ఏదో ఒక పని దగ్గర చిక్కుకుపోయారు: రుణం మంజూరు, వీసా, హాస్టల్ ఫారం, ఆరోగ్య పత్రం. 2016లో అమెరికాలోని జార్జియా స్టేట్ యూనివర్సిటీ ఫోన్ సందేశాలకు జవాబిచ్చే చాట్‌బాట్‌తో ఇలాంటి నష్టాన్ని సుమారు అయిదోవంతు తగ్గించింది. అది పనిచేయడానికి కారణం, ఎవరికి ఏ పని మిగిలిందో విద్యార్థి రికార్డుల నుంచి తెలుసుకుని, దాని గురించే గుర్తుచేయడం. చాట్‌బాట్ లేకపోయినా ఆ పద్ధతి మీరు వాడుకోవచ్చు. ఒక్కో విద్యార్థికి ఆరేడు పనుల పట్టిక, ఒక్కోదానికీ గడువు, పూర్తయిందా లేదా. వారం వారం గడువు దాటినవాళ్లకు ఆ ఒక్క పని గురించే సందేశం. రెండు పనులు వెనకబడితే మనిషి ఫోన్. తరగతులకు మూడు వారాల ముందు నుంచి హాస్టల్, ఫైనాన్స్, రిజిస్ట్రార్ ఆఫీసుల నుంచి ఒక్కొక్కరు మీ బృందంతో రోజూ పావుగంట కూర్చుంటే అడ్డంకులు అక్కడికక్కడే తెగుతాయి.

8. బృందం, వారపు సమావేశం

మార్కెటింగ్, అడ్మిషన్లు వేర్వేరు అధిపతుల కింద ఉంటే ఒకరు ఎంక్వైరీల సంఖ్య చూపించి, మరొకరు వాటి నాణ్యతను తప్పుపడతారు. ఇద్దరికీ ఒకే లక్ష్యం ఇవ్వండి, తరగతికి వచ్చినవాళ్లు. వారపు సమావేశం 45 నిమిషాలు: కోర్సువారీ పట్టిక, నిరుడు ఇదే రోజుతో పోలిక, లక్ష్యం నుంచి దూరమైన మూడు కోర్సులు, ఎవరు ఏం చేస్తారు. మిగతావి మెయిల్‌లో.

చర్యల్ని ముందే రాసి పెట్టుకోండి. ఉదాహరణకు, దరఖాస్తులు తెరిచిన 60వ రోజుకు ఒక కోర్సులో పూర్తి దరఖాస్తులు నిరుటికన్నా 15 శాతం తగ్గితే, అసంపూర్ణ దరఖాస్తులకు వారం రోజులు ఇద్దరు కౌన్సెలర్లు. 25 శాతం తగ్గితే ప్రకటన డబ్బు మళ్లింపు, డీన్‌తో సమావేశం. సంఖ్య పడిపోయాక ఆలోచిస్తే భయంతో నిర్ణయాలు తీసుకుంటారు, ఆ భయంలోనే అర్హత తగ్గించడం, అందరికీ రాయితీలు పుట్టుకొస్తాయి. కొన్ని కోర్సులకు గిరాకీ నిజంగానే తగ్గి ఉండొచ్చు. మూడేళ్ల పట్టిక అదే చెబితే, ప్రచారంతో అది నిలబడదని యాజమాన్యానికి సంఖ్యలతో రాతలో చెప్పడం కూడా మీ ఉద్యోగంలో భాగమే.

9. తరగతులు మొదలైన ఆరో వారం

చేరినవాళ్లకు నాలుగు ప్రశ్నలు: ఎందుకు ఎంచుకున్నారు, ఇంకెక్కడ సీటు వచ్చింది, మేం చెప్పినదాంట్లో ఏది నిజం కాలేదు, దాదాపు వదిలేద్దామనుకున్నది ఎప్పుడు. సీటు వచ్చినా రానివాళ్లకు రెండే: ఎక్కడ చేరారు, ఏది తేల్చింది. మూడో ప్రశ్నకు వచ్చిన జవాబుల్ని డీన్‌లకు యథాతథంగా పంపండి, కోర్సు పేజీలో ఆ వాక్యాలను అదే వారం సరిచేయండి.

అప్పటికే మానేసినవాళ్ల జాబితాను మొదటి మూలంతో కలిపి చూడండి. ఒక ఏజెంట్ ద్వారానో, ఒక ప్రకటన ద్వారానో వచ్చినవాళ్లు మిగతావాళ్లకన్నా ఎక్కువగా మానేస్తుంటే అక్కడ చెప్పిన మాటకూ, ఇక్కడ కనిపించినదానికీ పొంతన లేదన్నమాట. ఆ ఒప్పందం పొడిగింపు కాగితం ఫైనాన్స్ బల్ల మీదకు వెళ్లకముందే ఈ పట్టిక అక్కడికి చేరాలి.